పేరు రాయని చుక్క

షారోన్ తల్లీ, జోయెల్ నాన్నా, ఈ ఉదయం వంటింటి కిటికీ మళ్ళీ మసకబారింది. దోహాలో ఆగస్టు చివరికి వచ్చేసరికి గాలి నిండా సముద్రపు తడే ఉంటుంది. లోపల ఏసీకి అద్దం చల్లబడి ఉంటుంది కదా, బయటి ఉక్కకి దాని మీద ఆవిరి పట్టేస్తుంది. పొయ్యి మీద టీ పెట్టి బాల్కనీ తలుపు తీశానో లేదో నా కళ్ళజోడు కూడా తెల్లగా కమ్మేసింది. కొంగుతో తుడుచుకుని, బయటి నుంచి ఆ అద్దం మీద వేలితో ఒక చుక్క పెట్టాను. ఇంకో చుక్క పెట్టి రెండింటినీ కలుపుతూ గీత గీశాను. చల్లటి నీళ్ళు వేలి చివర నుంచి మణికట్టు దాకా జారాయి. లోపలి నుంచి మీ తాతయ్య చూసి, "మొదలెట్టావా యాదగిరి గారి పాఠం" అన్నారు.

ఆ యాదగిరి గారి సంగతి మీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నానమ్మ ఖతార్‌లో లెక్కలు చెప్పేదని మీకు తెలుసు. ఎవరికి చెప్పేదంటే, ఎడారి అంచున ఒక సైనిక కళాశాలలో, ఆఫీసర్లు కాబోయే కుర్రాళ్ళకి. క్లాసులో పాఠం చెప్పేది ప్రొఫెసర్లు. అర్థంకాని వాళ్ళు సాయంత్రం ట్యూటర్ గదికి వస్తే, పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చెప్పేదాన్ని. నన్ను 'మిస్' అని పిలిచేవాళ్ళు. ఆ పనిలోనే రిటైర్ అయిపోతాననుకున్నాను. నాకు యాభై దాటి, మోకాళ్ళు పట్టేయడం మొదలైన ఏడాది యాదగిరి గారు వచ్చారు.

ఆయనది సిద్దిపేట వైపు. పొట్టి మనిషి, నూనె రాసి దువ్విన జుట్టు, సూటు కింద కాన్వాస్ బూట్లు. కళాశాల పెద్ద కమాండెంట్‌తో ఎలా మాట్లాడేవారో గేటు దగ్గర కాపలా అతనితోనూ అలాగే మాట్లాడేవారు. మొదటి రోజే నా గది గుమ్మంలో నిలబడి, నేను తెలుగుదాన్నని ఎవరు చెప్పారో ఏమో, తెలుగులోనే మొదలుపెట్టారు.

"ఏం చెల్లె, లెక్కలు మంచిగ జెప్తవట. నాకు సాయం గావాలె. నెట్‌వర్క్ సైన్స్."

"ఆయ్, నాకు ఆ సబ్జెక్టు పేరు కూడా కొత్తేనండి" అన్నాను.

"నాకు గుడ సగమే వస్తది. కడమది పిల్లలతోని కలిసి నేర్చుకుందాం" అన్నారు. తర్వాత ఎప్పుడు పలకరించినా ముందు నా 'ఆయ్'ని ఒకసారి అనుకరించి, మీ గోదావరోళ్ళకు మాటకు ముందు ఒక హారన్ ఉంటదని ఏడిపించేవారు.

ఆ చదువు ఏమిటో చెబుతాను. అక్కడి కుర్రాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో ప్రధాన విషయం చదువుతారు. ఒకడు కంప్యూటర్లు, ఒకడు చట్టం, ఒకడు మేనేజ్‌మెంట్. దానికి తోడు పక్కన చిన్నగా ఇంకో విషయం తీసుకోవచ్చు, దాన్ని మైనర్ అంటారు. యాదగిరి గారి మైనర్‌లో ఈ అన్ని రకాల వాళ్ళూ ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు. లెక్కలు ఆయన చెప్పేవారు. చరిత్ర మాస్టారిని పిలిపించి, పూర్వం ముత్యాల కోసం వెళ్ళిన పడవల మధ్య వార్త ఎలా పాకేదో చెప్పించేవారు. చుక్క అంటే మనిషి కావచ్చు, ఊరు కావచ్చు, రైలు స్టేషన్ కావచ్చు. గీత అంటే వాటి మధ్య ఉన్న సంబంధం. అంతే, ఇంకేం లేదు. నేను కూడా నోట్సు పట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. మొదటి వారమే ఆయన మెట్రో పటం గోడకి అంటించి, ముషైరిబ్ స్టేషన్ మీద అరచెయ్యి పెట్టి, "ఇది ఒక్కటి మూసేస్తే?" అని ఊరుకున్నారు. మూడు లైన్లూ అక్కడే కలుస్తాయి కదా. రోజూ అదే స్టేషన్‌లో రైలు మారి ఇంటికి వెళ్ళేదాన్ని. ఆ సాయంత్రం ఎస్కలేటర్ మీద నిలబడి, నా చుట్టూ ఎక్కుతూ దిగుతూ ఉన్న జనాన్ని చూస్తే ఒళ్ళు జలదరించింది. ఇంత ఊరు ఇంత చిన్న ముడి మీద నిలబడిందా అనిపించింది.

క్లాసు గదికి ఒక వైపంతా గాజు కిటికీ. ఉదయం దాని బయటి వైపు ఆవిరి పట్టి ఉండేది. చెప్పాల్సింది ముఖ్యమైనదైతే ఆయన బోర్డు వదిలేసి, తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళి, ఆ ఆవిరి మీద వేలితో గీసేవారు. మేమంతా లోపల. గాజుకి అవతల ఆయన మొహం, ఆ మొహం మీద చుక్కలూ గీతలూ. ఒక్క మాట వినపడేది కాదు. మొదట్లో నవ్విన కుర్రాళ్ళు తర్వాత్తర్వాత గుడిలోనో చర్చిలోనో కూర్చున్నట్టు చూసేవారు.

అయితే ఆ క్లాసు ఒక దారం మీద వేలాడుతోంది. ఎలాగో అనుమతి ఇచ్చారు గానీ, కమాండెంట్ ఒక షరతు పెట్టారు. ఈ చదువు ఆఫీసరుకి దేనికి పనికొస్తుందో చలికాలం సెలవుల లోపు చూపించాలి, లేదంటే వచ్చే ఏడు ఉండదు. అది లేకపోతే యాదగిరి గారి ఉద్యోగమూ లేదు, ఆయన్ని రప్పించిందే దానికోసం. ఉద్యోగం పోతుందనే బెంగ ఆయనలో కనపడలేదు. ఇంకో బెంగ ఉండేది. ఇక్కడి చిక్కటి కరక్ చాయ్ తాగుతూ ఒకసారి చెప్పారు. మన దగ్గర ఎన్నో కాలేజీల్లో ఈ పాఠం చెబుతానని అడిగారట.

"లెక్కలోళ్ళు ఇది లెక్క గాదన్నరు. కంప్యూటరోళ్ళు మాది గాదన్నరు. మొదటిసారి ఒక గది ఇచ్చిన్రు చెల్లె. ఇది పోతే నాకింక గది దొర్కది" అన్నారు.

కమాండెంట్‌కి చూపించడానికి ఆయన ఎంచుకున్న పని ఇది. గురువారం మధ్యాహ్నం కుర్రాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోతారు, ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. ఆ సెలవులో ఉన్నట్టుండి అందరూ వెనక్కి రావాలని ఆజ్ఞ వస్తే? పద్ధతి ప్రకారం పెద్ద ఆఫీసరు చిన్న ఆఫీసరుకి, ఆయన దళం నాయకుడికి, అతను ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. అది చాలా ఆలస్యమయ్యేది. ఎవరు ఎవరి మాట వెంటనే అందుకుంటారో బొమ్మ గీసి, ఆ దారిలో కబురు పంపితే త్వరగా చేరుతుందని మా క్లాసు నిరూపించాలి.

మొదటి బొమ్మ చూసి నేను బిత్తరపోయాను. కుర్రాళ్ళు తమ బ్యాచ్‌లో ప్రతివాణ్ణీ 'నీ స్నేహితులెవరు' అని అడిగి వచ్చారు. ప్రతివాడూ అందరి పేర్లూ చెప్పాడు. కంప్యూటర్ తెర మీద గీతలన్నీ కలిసిపోయి బొగ్గు ముద్దలా వచ్చింది. జాసిం అని ఒక కుర్రాడుండేవాడు, సన్నగా, ఎప్పుడూ బూట్లు మెరిసిపోతూ. వాడే లేచి చాలా మర్యాదగా చెప్పాడు. ఒకడి పేరు చెప్పి ఇంకొకడి పేరు వదిలేస్తే, రేపు వాడి మొహం ఎలా చూడాలి సార్ అని.

యాదగిరి గారు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నా వైపు తిరిగి తెలుగులో, "మర్యాద అచ్చింది చెల్లె, నిజం రాలె" అన్నారు. తర్వాత ప్రశ్న మార్చారు. ఇసుక దిబ్బల్లో నీ బండి చక్రాలు కూరుకుపోయాయి, ఎండ మాడుతోంది. మొదటి ఫోన్ ఎవరికి చేస్తావు? ఈసారి ఒక్కొక్కడూ తడుముకోకుండా ఒక్క పేరే చెప్పాడు. ఇసుకలో చక్రం దిగితే ఇక్కడివాళ్ళకి మర్యాదలు గుర్తుండవు. ఆ జవాబులు కంప్యూటర్‌కి ఇచ్చాక తెర మీద చుక్కలు కాసేపు చేపపిల్లల్లా ఈది, ఒకదాన్నొకటి లాక్కుని, తోసుకుని, మెల్లగా కుదురుకున్నాయి. ఇక్కడో గుంపు, అక్కడో గుంపు, మధ్యలో సన్నటి వంతెనలు. రోజూ ఒకే యూనిఫాంలో ఒకే వరసలో నిలబడే కుర్రాళ్ళు. ఆ వరస కింద ఇలాంటి ఆకారం దాక్కుని ఉందని నాకు ఊహకైనా రాలేదు. మొదటిసారి స్కానింగ్‌లో మీ నాన్న గుండె కొట్టుకోవడం చూసినప్పుడు ఎలా అయిందో అలాగే అయింది నాకు. యాదగిరి గారు కూడా, ఇలాంటివి ఎప్పుడూ చూసేవారే అయినా, మొదటిసారి చూస్తున్నట్టు నోరు కొద్దిగా తెరుచుకుని నిలబడ్డారు.

ఆ బొమ్మ నమ్ముకుని ఒక శుక్రవారం మధ్యాహ్నం, నమాజు అయ్యాక, కబురు వదిలాం. మొదట చకచకా పాకింది. తర్వాత మూడు నాలుగు చోట్ల గోడ తగిలినట్టు ఆగిపోయింది. ఫోన్లు మోగుతున్నాయి, ఎవరూ ఎత్తడం లేదు. ఆఖరి కుర్రాడు గేటు దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. పాత పద్ధతే నయమని ఆఫీసర్లు పెదవి విరిచారు. రెండో అవకాశం ఒక్కటే, అదీ కమాండెంట్ ఎదురుగా.

ఆదివారం క్లాసులో యాదగిరి గారు ఎవరినీ కోప్పడలేదు. ఎక్కడున్నారు, ఫోన్లు ఏమయ్యాయి అని మాత్రం అడిగారు. అందరూ బూట్ల వైపు చూశారు. ఛార్జింగ్ అయిపోయింది సార్ అన్నాడొకడు. ఇంత మందికీ ఒకేసారి అయిపోయిందా అని ఆయన అడగలేదు.

ఆ సాయంత్రం జాసిం లెక్క అర్థంకాలేదని నా గదికి వచ్చాడు. వాడి మొహం వాడిపోయి ఉంది. లెక్క పక్కన పెట్టి, శుక్రవారం ఏం తిన్నావు నాన్నా అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. నీరసంగా ఉన్న పిల్లవాణ్ణి చూస్తే నాకు వచ్చే మొదటి ప్రశ్న అదే.

"మచ్‌బూస్, మిస్" అన్నాడు. అంటే మాంసం వేసి వండిన అన్నం. "మా ఇంట్లో కాదు, మా నానమ్మ ఇంట్లో."

ఇక ఆగలేదు వాడు. ప్రతి శుక్రవారం నమాజు తర్వాత కొడుకులు, మనవలు, అందరూ ముఐథర్‌లో నానమ్మ ఇంటికి చేరాలి. గుమ్మంలో ఈతాకు బుట్ట ఉంటుంది. ఫోన్లన్నీ అందులో వేసి లోపలికి రావాలి. భోజనం అయి, కాఫీ అయ్యి, ఆవిడ లేచేదాకా బుట్ట ముట్టుకోకూడదు. మా బ్యాచ్‌లో వాడి పెదనాన్న, చిన్నాన్న పిల్లలు చాలా మందే ఉన్నారు. అందరి ఫోన్లూ ఆ బుట్టలోనే మోగాయి. మిగతా గుంపుల సంగతీ అంతేనట, ఎవరి నానమ్మ వాళ్ళకి ఉంది.

మరి క్లాసులో ఎందుకు చెప్పలేదురా అన్నాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆవిడ పేరు రాసి కాలేజీ గోడ మీద పెట్టలేం, మిస్" అన్నాడు.

మీకు ఇది అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. ఇక్కడ మగవాళ్ళు నలుగురిలో ఇంటి ఆడవాళ్ళ పేరు ఎత్తరు. తల్లి పేరైనా సరే. చిన్నచూపుతో చేసేది కాదది, బయటి గాలి తగలనివ్వని గౌరవం. ప్రశ్న అడిగింది మగవాళ్ళ మధ్య, జవాబు ఉన్నది ఆడవాళ్ళ వంటింట్లో. అందుకే అన్ని బొమ్మల్లోనూ అసలైన చుక్కలే లేవు.

పిల్లవాడు నమ్మి చెప్పింది ఇంకొకరికి చెప్పవచ్చా అని ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున వాణ్ణే అడిగాను. సార్ పేర్లు అడగనంటే చెప్పండి అన్నాడు. యాదగిరి గారికి చెప్పాను.

"మనకు ఆమె పేరు గావాల్నా చెల్లె, ఆమె ఉన్నదన్న సంగతి గావాల్నా?" అన్నారు.

లేచి వరండాలోకి వెళ్ళారు. క్లాసు కుర్రాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. గాజు మీద మా పాత బొమ్మంతా గీసి, ఒక గుంపు మధ్యలో ఖాళీ సున్నా చుట్టారు. అన్ని చుక్కలనుంచీ దానికి గీతలు గీశారు. లోపలికి వచ్చి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. మీ గుంపులో కూడా ఇలాంటి సున్నా ఉండాలనిపిస్తే వెళ్ళి పెట్టండి, అది ఎవరని నేను అడగను, ఇవాళే కాదు, ఎన్నటికీ.

ముందు జాసిం లేచాడు. టోపీ సరిచేసుకుని బయటికి వెళ్ళి, వేలితో ఒక సున్నా చుట్టాడు. వాడి వెనక ఇంకొకడు, ఇంకొకడు. యూనిఫాం వేసుకున్న అంతంత పొడుగు కుర్రాళ్ళు వరసలో నిలబడి, తమ నానమ్మలకీ అమ్మమ్మలకీ ఆవిరి మీద చోటు పెడుతున్నారు. నేను లోపల వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నాను. ఎండ ఎక్కి సున్నాలు ఒక్కొక్కటే నీళ్ళై జారిపోయాయి. ఎవరూ ఫోటో తీయలేదు, ఆయన తీయనివ్వలేదు. ఎవరికి గుర్తుండాలో వాళ్ళకి ఉంటుందన్నారు.

తర్వాత పని కుర్రాళ్ళదే. ఎవరి నానమ్మని వాళ్ళు అడగాలి, బుట్టలో పడని ఫోన్ ఒక్కటి ఉండనిస్తారా అని. కమాండెంట్ ముందు నిలబడటం కంటే అదే కష్టమని గొణుక్కున్నారు. జాసిం నానమ్మ మూడు శుక్రవారాలు బతిమాలించుకుని ఒప్పుకుందట. ఒక్క ఫోనే, అదీ తన పక్కన దిండు మీద ఉంటుంది, మోగితే ఎత్తేది తానే, ఎవరు లేవాలో చెప్పేదీ తానే. యాదగిరి గారు ఆ షరతు విని, మన బొమ్మ కన్నా ఆవిడ బొమ్మే బాగుందన్నారు.

సెలవులకి ముందు శుక్రవారం కమాండెంట్ స్వయంగా వచ్చి గేటు దగ్గర గదిలో కూర్చున్నారు. పెద్ద మనిషి, తక్కువ మాటలు. కబురు వదిలాం. యాదగిరి గారు నా పక్కన నిలబడి చొక్కా గుండీ తిప్పుతూ ఉన్నారు. నేను మనసులో ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. ఎవరైనా ఫోన్ చేసి సాయంత్రమవుతుందంటారేమో అనుకుంటుంటే, గేటు దగ్గర బండ్ల హారన్లు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి. నేను అనుకున్నదానికంటే ఎంతో ముందు మైదానంలో వరసలు నిండాయి.

జాసిం వాళ్ళ బండి అందరికంటే ముందు వచ్చింది. కానీ దిగడానికి ఆలస్యం చేశారు. చూస్తే, నలుగురు అన్నదమ్ములు ఒక పెద్ద పళ్ళేన్ని మూత పెట్టి మోసుకొస్తున్నారు. కాపలా అతను లోపలికి పంపాలా వద్దా తెలియక కమాండెంట్ వైపు చూశాడు. జాసిం సెల్యూట్ చేసి, చెప్పమని నానమ్మ తనకి అప్పగించిన మాట చెప్పాడు. పిల్లలు తినకుండా లేచారు, వాళ్ళు తిరిగొచ్చి తినేదాకా నేనూ తినను, పని త్వరగా ముగించమని మీ పెద్దాయనతో చెప్పు. ఈ అన్నం ఆయనకి.

కమాండెంట్ లేచి గోడ మీద ఉన్న బొమ్మ దగ్గరికి వెళ్ళారు. చుక్కలన్నిటికీ పేర్లున్నాయి, గుంపుల మధ్యలో సున్నాలకి లేవు. ఇవి ఎవరు అని అడిగారు. కుర్రాళ్ళు బిగుసుకుపోయారు.

"మేము అడగని పేర్లు, సార్" అన్నారు యాదగిరి గారు.

కమాండెంట్ జేబులోంచి పెన్ను తీసి, పైన తన పేరున్న చుక్క పక్కన చిన్న సున్నా ఒకటి చుట్టారు. దానికీ దీనికీ మధ్య గీత గీసి, అది మీరు మర్చిపోయారు అన్నారు. తర్వాత కుర్రాళ్ళ వైపు తిరిగి, "యల్లా, ఇళ్ళకి పదండి. ఆవిడని ఆకలితో ఉంచకండి" అన్నారు.

ఆ గది యాదగిరి గారికి మిగిలింది. ఆయన వయసు మీద పడి సిద్దిపేట వెళ్ళిపోయేదాకా అందులోనే పాఠం చెప్పారు. వెళ్ళే ముందు ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఆయన ఫ్లాటుకి మీ తాతయ్యా నేనూ వెళ్ళాం. సకినాలు పెట్టారు. ఇంత గొప్ప సంగతి నా కళ్ళ ముందు చూపించారు సార్ అంటే, నా వైపు వింతగా చూశారు.

"నేను గుంపులు జూపిచ్చిన గంతే. బువ్వ తిన్నవా అని అడిగింది నువ్వు గదా. అది నా పుస్తకంల ఏడ లేదు చెల్లె" అన్నారు.

అప్పటిదాకా నేను ఆ మాటని లెక్క మొదలుపెట్టే ముందు పలకరింపు అనుకునేదాన్ని. దాన్ని ఆయన చదువులోకి చేర్చారు. ఆ తర్వాత నా దగ్గరికి ఏ పిల్లవాడు వచ్చినా, జవాబు నిజంగా వినాలని అడిగాను.

పోయిన ఏడాది ఒక సాయంత్రం జాసిం ఫోన్ చేశాడు. ఇప్పుడు వాడు పెద్ద ఆఫీసరు, గొంతు బరువెక్కింది. సార్ పోయారు మిస్ అన్నాడు. సిద్దిపేటలో జరిగింది తెలుగువాళ్ళం మాకే తెలియకుండా నీకెలా తెలిసింది నాన్నా అన్నాను.

"ప్రతి శుక్రవారం నానమ్మ ఇంటి నుంచి సార్‌కి ఫోన్ చేసేవాణ్ణి. ఈ వారం సార్ వాళ్ళ అమ్మాయి ఎత్తింది" అన్నాడు. నానమ్మ పక్కన దిండు మీద ఉండే ఫోన్ నుంచే చేసేవాడట. ఆవిడా ఆయనతో మాట్లాడేదట. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ అరబ్బీలో దీవించేది, ఆయన తెలుగులో అమ్మా అనేవారు. ఇన్నేళ్ళూ ఎడారికీ సిద్దిపేటకీ మధ్య ఆ గీత ఉందని నాకు తెలియనే తెలియదు.

ఈ పొద్దున కిటికీ మీద మీరుండే కాకినాడకి రెండు చుక్కలు పెట్టాను, ఒకటి షారోన్, ఒకటి జోయెల్. మీ రెండింటినీ కలుపుతూ గీత గీశాను, ఈ మధ్య మాట్లాడుకోవడం లేదని మీ అమ్మ చెప్పినా సరే. పక్కన ఒక సున్నా చుట్టి, పేరు రాయకుండా వదిలేశాను. టీ పొంగింది, తాతయ్య కేకేశారు, వెళ్ళి వచ్చేసరికి అంతా నీళ్ళైపోయింది.

నానమ్మ ఫోన్ చేస్తే ఎప్పుడూ ఏం తిన్నారనే అడుగుతుందని మీరు నవ్వుకుంటారని నాకు తెలుసు. రేపు శుక్రవారం కూడా అదే అడుగుతాను. ఈసారి అన్నమూ పప్పూ అని ఫోన్ పెట్టేయకండి. ఎవరి పక్కన కూర్చుని తిన్నారో కూడా చెప్పండి.